ఎక్కు అనని మనిషి

పోయిన నెల కోదాడలో మా చెల్లెలి ఇంటి పెరట్లో నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు గోడ మీది నుంచి తొంగిచూశారు. మా మరిది మామిడి చెట్టుకు పాకిన మనీప్లాంటును రెండు చేతులా పట్టుకుని, ఒక కాలు చెట్టు మొదట్లో తన్నిపెట్టి, బలమంతా పెట్టి లాగుతున్నాడు. కుండీలో ఉన్నన్నాళ్లూ అరచేతిలో ఇమిడే ఆకులతో బుద్ధిగా ఉండే మొక్కే అది. చెట్టు దొరికిందంటే చాటంత ఆకులేసి చిటారు కొమ్మ దాకా పోతుంది.

"ఇడువు. చెయ్యి తియ్. పక్కకు రా," అన్నాను. అన్నాను అంటే అరిచాను.

"ఏమైంది వదినా, పాముందా?" అంటూ అతను బిత్తరపోయి వదిలేశాడు.

పాము లేదు. పైన ఆకుల మధ్య తొడంత ఎండుకొమ్మ ఉంది. అది చెట్టు నుంచి ఎప్పుడో ఊడిపోయింది, తీగ పట్టుకుని ఉండబట్టి వేలాడుతోంది. తీగను లాగేవాడు ఆ కొమ్మను నెత్తి మీదికి తెచ్చుకుంటాడు. వేలు పెట్టి చూపించాక మా మరిది మొహం పాలిపోయింది. మా చెల్లెలు మాత్రం నన్నే వింతగా చూసింది. "అక్కా, ఇదెప్పుడు నేర్చావే? అది నీ గొంతే కాదు," అంది.

నిజమే, నాది కాదు. దామరచర్ల దారిలోని ఒక తండా మనిషిది. చెట్ల మీది తీగలు తీయడం అతని పని. మా చెల్లెలి మామిడి చెట్టును కూడా అతనికే అప్పజెబుదామని అప్పటికప్పుడు ఫోను చేశాను. అతని భార్య ఎత్తింది. "పోయిండమ్మా. మూడు నెల్లాయె," అంది. నా నోట ముందుగా వచ్చిన మాట, "చెట్టు మీది నుంచా?" అని. ఆమెకు కోపమొచ్చినట్టుంది. "చెట్టు మీదికెల్లి ఎందుకు పడ్తడమ్మా? పానం బాగలేక పోయిండు," అని ఫోను పెట్టేసింది.

అతని పేరు నాకు తెలుసు గాని రాయను. రాస్తే భయపడేవాడు. అతను భయపడనిదంటూ ఏదీ లేదు.

మాది సూర్యాపేట. హైస్కూల్లో తెలుగు చెబుతాను. సాయంత్రాలు పెరట్లో వేపచెట్టు కింద సిమెంటు బెంచీల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ట్యూషను చెబుతాను. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మా వీధిలో ఎవరు దగ్గినా అందరం కిటికీలు మూసుకునేవాళ్లం. తిప్పతీగ కషాయం తాగితే రోగం దగ్గరికి రాదని, అందులోనూ వేప మీద పాకినదైతే గుణం ఎక్కువని ఫోన్లలో ఒకటే ఊదర. పుట్టు పిరికిదాన్ని, ఊరుకుంటానా? జానెడు ముక్క తెచ్చి వేప మొదట్లో గుచ్చాను. రోగం పోయింది, కషాయం మానేశాం, తీగను మరిచిపోయాం. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి వేప ఆకు కనబడకుండా తిప్పాకే కనబడసాగింది. తీగ మణికట్టంత లావైంది. ఒక పాయ కరెంటు స్తంభం నుంచి మా ఇంటికొచ్చే సర్వీసు వైరును చుట్టుకుంది. ఇంకో పాయ ఒక ఎండుకొమ్మను పట్టుకుని ఉంది. ఆ కొమ్మ సరిగ్గా పిల్లలు కూర్చునే బెంచీ మీద. "కోరి కొరివితో తల గోక్కున్నవ్," అన్నాడు మా ఆయన. పిల్లల్ని వరండాలోకి మార్చాను. ఆ తర్వాత గాలి వీచిన ప్రతిసారీ నా చెవులు పెరట్లోనే ఉండేవి.

చెట్లు కొట్టేవాళ్లని పిలిస్తే మొత్తం చెట్టునే కొట్టేస్తామన్నారు. నాకు మనసొప్పలేదు. మా బళ్లో పనిచేసే మిర్యాలగూడ ఆమె ఒక ఫోను నంబరు ఇచ్చింది. "మంచోడు గాని జర సతాయిస్తడు," అని ముందే చెప్పింది.

అతను వచ్చిన రోజు గేటు దాటి లోపలికి రాలేదు. అరవై దగ్గర పడిన, గట్టిగా గాలొస్తే ఎగిరిపోతాడేమో అనిపించే సన్నని మనిషి. మెడ దాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాల, చేతిలో వెదురు కర్ర. గేటు అవతలే నిలబడి అడిగాడు.

"ఇంట్ల ఎంతమంది ఉన్నరు టీచరమ్మా?"

"ఇద్దరం."

"మోటరు ఎవరేస్తరు?"

"నేనే వేస్తాను అన్నా."

"నేను పోయేదాంక ఎయ్యకు. ఇద్దరు గా తులసిగద్దె కాడ కూసోండ్రి. నాకు కనవడాలె."

మా ఇంట్లో మమ్మల్నే తులసిగద్దె దగ్గర కూర్చోబెట్టి అప్పుడు లోపలికొచ్చాడు. చేతికున్న గడియారం, వేలికున్న రాగి ఉంగరం తీసి గట్టు మీద పెట్టాడు. టీ ఇస్తే వద్దన్నాడు, పని అయ్యాక తాగుతానన్నాడు. చెట్టును ముట్టుకోకుండా దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కర్రతో మొదట్లో మెల్లగా తట్టి, వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ తట్టాడు, మళ్లీ నిలబడ్డాడు. లోపల పామున్నా కందిరీగలున్నా కదలడానికి వ్యవధి ఇస్తున్నాడని తర్వాత తెలిసింది. "పిలవకుంట వచ్చినం గద, జర సైచాలె," అన్నాడు. చివరికి తలెత్తి ఎండుకొమ్మను చూసి, "సూస్తేనే భయమైతుంది," అన్నాడు.

మా ఆయన నవ్వాడు. "భయమైతే ఈ పనెందుకు పెట్టుకున్నవే?"

"భయమయ్యేటోడే కావాలె సారు ఈ పనికి," అన్నాడు అతను, నవ్వకుండానే.

ఆ రోజు చెట్టు పైకి పోలేదు. మోకాలి ఎత్తులో ఒకచోట, ఛాతీ ఎత్తులో ఒకచోట తీగను కోశాడు. కోసే ముందు తీగకూ బెరడుకూ మధ్య పలుచని చెక్క దూర్చాడు, రంపం చెట్టుకు తగలకుండా. మధ్య ముక్క తీసేసి, చెట్టు చుట్టూ ఉన్న పాయలన్నీ అలాగే కోసుకుంటూ వచ్చాడు. మొదలు నరికి పైది లాగేస్తే పని అయిపోతుందని చూస్తున్న మా ఆయనకు ఒళ్లు మండింది.

"మరి పైదో?"

"దాన్నేం అనొద్దు సారు. ఎండనీయి. పచ్చిగున్నప్పుడు గుంజితే బెరడు ఊడొస్తది, కొమ్మ నెత్తిన వడ్తది. ఎండితే అదే ఇడుస్తది." తువ్వాలతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు. "ఇది తిప్పతీగ టీచరమ్మా. మొదలు కోసినా సావదు. పైకెల్లి దారాలిడుస్తది, భూమికి అందుకుంటే మల్ల మొదలు. పదిహేను దినాలకొస్త. అప్పటిదాంక చెట్టు కిందికి ఎవ్వర్ని పోనీయకు. జర పైలం."

నేను నమ్మలేదు. పన్నెండో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ పెరట్లోకి వెళ్తే, చెట్టు పైనుంచి సన్నని పచ్చదారాలు పది పన్నెండు నిటారుగా వేలాడుతున్నాయి. ఒకటి నేలకు రెండు జానల ఎత్తులోనే ఉంది. మొదలు లేదు, నీళ్లు లేవు, అయినా అంత దూరం నుంచి నేలను వెతుక్కుంటూ దిగుతున్నాయి. నోట్లో నురుగుతోనే ఇంట్లోకి పరుగెత్తి అతనికి ఫోను చేశాను. అతనొచ్చి కర్రకు కొడవలి కట్టి, దూరం నుంచే వాటిని ఒక్కొక్కటే కోశాడు. కోసినవాటిని మళ్లీ మట్టికి తగలనివ్వకుండా బండ మీద ఆరబెట్టించాడు.

ఇలా వస్తూ పోతూ ఉన్న రోజుల్లోనే అతని మాటలో ఒక సంగతి పట్టుకున్నాను. బళ్లో పిల్లల మాటలు దిద్ది దిద్ది చెవి అలా అలవాటు పడిపోయింది. అతను ఎవరినీ "ఎక్కు" అనడు. మా ఆయన స్కూటీ మీద అతన్ని బస్టాండు దాకా దింపబోతుంటే, బజారుకని తనకంటే ముందు వెనక కూర్చోబోతున్న నన్ను చూసి, "కూసో టీచరమ్మా, నేను నడిచి పోత," అన్నాడు. తన సంగతి చెప్పినా "పైకి పోత" అంటాడు. ఫోనులో భార్యతో మాట్లాడుతూ, "బస్సుల కూసొని రా" అంటాడు. ఎక్కువ అంటాడు గాని ఎక్కు అనడు. ఒకసారి పరీక్ష పెట్టాను. "అన్నా, మా ఆయన మేడ మీదున్న తాడు తేవాలంటే ఏం చెయ్యాలి?" అన్నాను. "మెట్ల మీదికెల్లి పొమ్మను," అన్నాడు. నాకు లోపల నవ్వొచ్చింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

వైరును చుట్టుకున్న పాయను తీసే రోజు వచ్చింది. దానికి ఎల్‌సీ కావాలన్నాడు. ఎల్‌సీ అంటే లైన్‌క్లియర్. లైన్‌మన్ వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను బందు చేసి, వైర్లకు ఎర్తు కట్టి, ఇక ముట్టుకోవచ్చని చెప్పి, పని అయ్యేదాకా అక్కడే ఉండాలి. పదకొండింటికి వస్తానన్న లైన్‌మన్ పన్నెండున్నరైనా రాలేదు. మా ఆయన తుంగతుర్తిలో ఆఫీసుకు సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు. పచార్లు చేస్తున్నాడు. అంతలో మామూలుగా పోయినట్టే కరెంటు పోయింది. వీధి వీధంతా పోయింది.

"అయిపాయె. కరెంటే పోయింది. ఇగ ఎల్‌సీ ఎందుకే?" అన్నాడు మా ఆయన.

"కరెంటు పోవుడు వేరు సారు. ఎల్‌సీ వేరు."

"రెండింటికీ తేడా ఏముంది? వైర్ల కరెంటు లేదు గద."

అతను గట్టు మీద కూర్చుని గడియారం మళ్లీ చేతికి పెట్టుకున్నాడు, ఈ రోజు పని లేదన్నట్టు. అది చూసి మా ఆయనకు రోషం వచ్చింది. ఇనుప నిచ్చెన తెచ్చి గోడకు వేశాడు. కొడవలి పట్టుకున్నాడు. "పది నిమిషాల పని," అన్నాడు నాతో. నేనేమన్నానో చెప్పాలి. వద్దు అనలేదు. "జాగ్రత్త" అన్నాను. పుట్టు పిరికిదాన్నని చెప్పుకునేదాన్ని, ఆ పూట నా పిరికితనం ఎక్కడికి పోయిందో తెలియదు. తొందరగా అయిపోతే బాగుండునని నాకూ ఉంది.

మా ఆయన ఆరు మెట్లు పోయి, ఎడమ చెయ్యి పైన వైరు మీదున్న తీగ వైపు చాచాడు. అప్పుడు వెనక నుంచి ఒక కేక వినబడింది. తెలుగు కాదు, వాళ్ల తండా మాట. అంత సన్నటి మనిషి గట్టు మీది నుంచి ఎలా లేచాడో, ఎప్పుడు చేరాడో చూడలేదు, రెండు చేతులతో మా ఆయన కాళ్లను చుట్టేసి కిందికి లాగుతున్నాడు. నిచ్చెన గోడ మీద గీసుకుంటూ పక్కకు ఒరిగింది. మా ఆయన తిడుతున్నాడు. నేను వరండా వైపు చూశాను, ఎందుకు చూశానో తెలియదు. వరండాలో ఫ్యాను కదులుతోంది. ఒక్కో రెక్కను విడిగా చూడగలిగేటంత నిదానంగా తిరుగుతోంది. వీధిలో కరెంటు లేదు. పక్కన జెరాక్సు షాపులో జనరేటరు డబడబమంటోంది.

"ఫ్యాను," అన్నాను.

మా ఆయన ఫ్యానును చూశాడు. తన చేతిని చూసుకున్నాడు. వేలికొసలకూ తీగకూ మధ్య జానెడుంది. పై ప్రాణాలు పైనే పోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. దిగి నేల మీద చతికిలబడ్డాడు. ఆ షాపువాళ్లు జనరేటరు సరిగా కలపలేదని, దాని కరెంటు వెనక్కి లైన్లోకి వచ్చిందని తర్వాత వచ్చిన లైన్‌మన్ చెప్పాడు. చెప్పి, తను కూడా ఒకసారి ఆ వైరు వైపు చూశాడు.

మా ఆయన లోపలికి పోయి పడుకున్నాడు. అతను వరండా మెట్ల మీద కూర్చున్నాడు. నీళ్లిస్తే గ్లాసు పళ్లకు తగిలి టకటకమంది. ఆ వణుకు తగ్గించడానికి ఏదో ఒకటి మాట్లాడాలని నోటికొచ్చింది అడిగాను.

"అన్నా, నువ్వు ఎవర్నీ ‘ఎక్కు’ అనవెందుకు?"

గ్లాసు కింద పెట్టాడు.

"ఒకపారి అన్న టీచరమ్మా," అన్నాడు. "మా బామ్మర్దిని. మా ఇంటామె తమ్ముడు. ఇద్దరం లైన్‌మన్ ఎంబడి తిరిగేటోళ్లం. మా పొలం కాడ తుమ్మ మీదికెల్లి తీగె మోటరు లైనుకు పాకింది. ఎల్‌సీ అడిగితే జర ఆగుమన్నరు. గప్పుడే కరెంటు పోయింది. ‘కరెంటు పోయింది, ఎక్కు’ అన్న. ఇరవై ఏండ్ల పోరడు, అంటే ఎక్కిండు. మల్లొచ్చింది కరెంటు."

నేను మెట్టు మీద అతని పక్కన కూర్చున్నాను.

"ఇంట్లో ఏం చెప్పావన్నా?"

"‘నేనొద్దన్న, ఇనలేదు’ అన్న." తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. లోపలి నుంచే మాట్లాడాడు. "ముప్పై ఏండ్లాయె. దినాం అన్నం పెడ్తది. తింట. ఆమె జర గట్టిగ పిలిస్తే సాలు, ఎరుకైందనుకుంట. గీ చెట్లకు, కరెంటుకు నాకేం భయం లేదు టీచరమ్మా. ఆమెకు ఎరుకైతదని భయం."

"ఇప్పుడైనా చెప్పరాదా అన్నా? ఇన్నేండ్లాయె."

"చెప్పరాదు," అన్నాడు వెంటనే. "నువ్వు గూడ ఎన్నడన్న మా దిక్కొస్తే, నోరు జారకు," అన్నాడు. జారనని మాటిచ్చాను.

తర్వాత లైన్‌మన్ ఎర్తు కట్టాక, అతను తన టెస్టరుతో మళ్లీ చూసుకుని, వైరు మీది తీగ తీశాడు. ఎండాకాలం నడిమికి చెట్టు మీది తీగంతా తాళ్లలా ఎండిపోయింది. ఎండుకొమ్మకు రెండు తాళ్లు కట్టి, పైన ఇంకో కొమ్మ మీదుగా వేసి, ముక్కలు ముక్కలుగా దించాడు. ఆ రోజు రెండు టీలు తాగాడు. పిల్లలు మళ్లీ బెంచీల మీదికి వచ్చారు. బస్టాండులో దింపినప్పుడు, బస్సు కదిలేదాకా కిటికీలోంచి మా ఆయన వైపే చూస్తూ, "పైలం సారు," అన్నాడు. మళ్లీ నేనతన్ని చూడలేదు.

కోదాడ నుంచి వచ్చిన మూడో రోజు మిర్యాలగూడ పోయి, అక్కణ్నుంచి ఆటోలో ఆ తండాకు వెళ్లాను. ఫోను పెట్టేసిన మనిషి ఎలా మాట్లాడుతుందోనని దారంతా గుబులుగానే ఉంది. సూర్యాపేట టీచర్నని చెప్పగానే ఆమె నన్ను పోల్చుకుని ప్లాస్టిక్ కుర్చీ వేసింది, తను గడప మీద కూర్చుంది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. మోచేతి దాకా పాత పచ్చబొట్లు.

"పొద్దుగాల లేవలే," అంది. "ఒక దిక్కు పడిపోయింది. దవాఖానల నాల్గు దినాలున్నడు. నోరు గూడ పోయింది. నా చెయ్యి వట్టుకోని ఏదో చెప్పవోయిండు. బేబే అంటడు, కండ్లెంట నీళ్లు. నాల్గు దినాలు గదే పని."

నేను కుర్చీలో ముడుచుకుపోయాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"మా తమ్ముని ముచ్చట నీకేమన్న చెప్పిండా?"

చనిపోయిన మనిషికి ఇచ్చిన మాట ఒకవైపు, ఎదురుగా ఆమె కళ్లు ఒకవైపు. "లేదమ్మా. నాకేం చెప్పలే," అన్నాను.

"చెప్పిండు తియ్. నీ మొకంల కనవడ్తుంది." ఆమె కొంగుతో గడప తుడిచింది, అక్కడ దుమ్మేమీ లేదు. "నాకెరుకే. గా దినం నేను పక్క మడిల కలుపు తీస్తున్న. ఆయన అన్నది నాకినవడ్డది."

నేను కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"ఆయన ముప్పై ఏండ్లు నాకు భయపడ్డడు. నాకు ఎరుకని తెలిస్తే ఇల్లిడిసి ఎటన్న పోతడని నేను భయపడ్డ. ఇద్దరి బతుకు గట్లనే ఎళ్లిపాయె. దవాఖానల గూడ అనుకున్న, చెప్పాలె అని. ‘నాకెరుకే, ఏం కాదు’ అంటే అయిపోతుండె. పానం నిమ్మళంగ పోతుండె. అనలేకపోయిన."

"ఎందుకమ్మా?"

"ఏం కాదు అనాలె గద టీచరమ్మా," అంది. "ఏం కాదని ఎట్లంట? మా తమ్ముడాయె."